కంటికి గానరాని మేలు – హృదయ, మూత్రపిండ వ్యాధులలో ఔషధముల ఫలితములు

2021వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లి గ్రామమందు నాటి తమిళనాడు ముఖ్యమంత్రి శ్రీ ఎం. కె. స్టాలిన్ గారు ‘మక్కళై తేడి మరుత్తువమ్’ అను పథకమును ప్రారంభించిరి. ఈ పేరును తెలుగు చేసినచో ‘ప్రజలను వెదకికొని వచ్చు వైద్యము’ అగును. రక్తపుపోటు, మధుమేహము గలవారికి మాత్రలను ఇంటికి తెచ్చి యిచ్చుట, మంచము పట్టినవారికి ఉపశమన చికిత్స చేయుట, మూత్రపిండములు చెడినవారు కడుపు మార్గమున రక్తశుద్ధి చేసికొనుటకు వలయు ద్రవపు సంచులను అందించుట మున్నగునవి యిందలి ముఖ్యాంశములు. రాష్ట్రమంతటికి వర్తించు కార్యక్రమ మొకటి మన సీమలో మొదలగుట సంతోషకరమే. అయితే నే నిచట పరిశీలింప దలచినది పథకమును గాదు. ఇంటికి చేరిన మాత్ర దేహములో చేయు పనిని, ఆ పని జరిగినదో లేదో తెలిసికొను విధమును. నేను వైద్యుడను గాను. పిల్లలకు తెలుగు చెప్పువాడను. వైద్యులు తమ గ్రంథములలో వ్రాసికొన్న విషయమును హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలోని మన పెద్దలకు అర్థమగు మాటలలో చెప్పుటయే నా ప్రయత్నము.

తమిళనాడు ప్రభుత్వము 2020లో చేయించిన సర్వేలో, రక్తపుపోటు గల పెద్దలలో అది అదుపునందున్నవారు నూటికి 7గురు మాత్రమే యని తేలినది. తరువాత జరిగిన సర్వేలో ఈ సంఖ్య దాదాపు 17కు పెరిగినది. పెరిగినమాట నిజమే, తక్కినవారి సంగతి యేమి? వారిలో కొందఱికి తమకు వ్యాధి యున్నదనియే తెలియదు. కొందఱు తెలిసియు మందు మొదలు పెట్టలేదు. కొందఱికి వేసికొనుచున్న మందు చాలదు. మఱి కొందఱు మొదలుపెట్టి మానివేసినవారు. మన వీధులలో తఱచుగా కానవచ్చువారు ఈ కడపటివారే. “బీపీ నార్మలుకు వచ్చింది గదా, ఇంకా మాత్ర ఎందుకు?” అని వారడుగుదురు. ఈ ప్రశ్న తెలివితక్కువది కాదు. తలనొప్పికి మ్రింగిన మాత్ర గంటలో సాక్ష్యము చెప్పును. జ్వరపు మాత్ర పూటలో చెప్పును. రక్తపుపోటు మాత్ర పదియేండ్లు మ్రింగినను నోరు విప్పదు. పైగా దాని మేలు దేహమునకు తెలియదు గాని, పొడిదగ్గో, కాళ్లవాపో, మాటిమాటికి మూత్రమునకు లేచుటయో అను దాని యిబ్బంది మాత్రము వెంటనే తెలియును. దేహము చెప్పు సాక్ష్యమునే నమ్మినచో మాత్రను మానుటయే న్యాయముగా తోచును. చిక్కంతయు నిందే కలదు.

హృదయము నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును తోడి పంపును. అందు అయిదవ వంతు మూత్రపిండములకే పోవును. రెండును కలిసి 300 గ్రాముల తూకమునకు మించని యీ చిన్న అవయవములకు ఇంత రక్త మేల? ఒక్కొక్క దానిలో సుమారు పది లక్షల సూక్ష్మమైన వడపోత కుచ్చులు కలవు. ఇవి దినమునకు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందు లీటరున్నర మాత్రము మూత్రముగా విడిచి, తక్కినదానిని రక్తములోనికి మరల తీసికొనును. వడపోత గుడ్డ చినిగినచో పోకూడని మాంసకృత్తు మూత్రములోనికి జాఱును. లండను నగరమందలి గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డు బ్రైటు 1827లో దీనిని గుర్తించెను. ఆతడు గరిటెలో మూత్రము పోసి, కొవ్వొత్తి మంటపై కాచి, గ్రుడ్డు తెల్లసొనవలె గడ్డ కట్టుట చూచి రోగమును నిర్ణయించెడివాడు. మూత్రపిండములు చెడి మరణించిన వారి హృదయము పలువురిలో పెరిగి దళసరియై యుండుటను 1836లో ప్రకటించినవాడును ఆతడే. ఈ రెండు అవయవముల చుట్టఱికము నాటినుండి తెలిసినదే. మూత్రపిండ వ్యాధి గలవారిలో పెక్కుమంది డయాలిసిస్ దాక పోకముందే గుండెజబ్బుతో మరణించుచున్నారనుట నేటి లెక్కలు చెప్పు సత్యము. కావున కిడ్నీ రోగి యని, గుండె రోగి యని మనము వేఱువేఱుగా చెప్పుకొనువారు చాలవఱకు ఒక్కరే.

రక్తపుపోటును తగ్గించినచో నిజముగా ప్రాణము నిలుచునా యను సందేహము 1960ల నాటికి వైద్యులలోనే యుండెను. పోటు అనునది ముసలి రక్తనాళములకు అవసరమైన ఒత్తిడియే యనియు, దానిని తగ్గించుట ప్రమాదమనియు తలచినవారు కలరు. ఈ వివాదమును తేల్చిన పరీక్షలో మన దేశపు మొక్క యొకటి పాల్గొన్నది. సర్పగంధ వేరును మన వైద్యులు చిరకాలమునుండి ఉన్మాదమునకు, నిద్రలేమికి వాడుచుండిరి. అది రక్తపుపోటును తగ్గించునని 1931లోనే కలకత్తా వైద్యులు సేను, బోసు అనువారు వ్రాసిరి. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు 1949లో బ్రిటిష్ హార్టు జర్నలునందు తన అనుభవమును ప్రకటించిన పిదప ప్రపంచము దానివైపు తిరిగెను. 1952లో స్విట్జర్లాండున ఆ వేరునుండి రిసర్పిన్ అను సారమును వేఱుచేసిరి. అటు పిమ్మట అమెరికాలో ఎడ్వర్డు ఫ్రైస్ అను వైద్యుని నాయకత్వమున, పోటు మిక్కిలి హెచ్చుగానున్న 143 మంది మాజీ సైనికులను రెండు జట్లుగా విభజించిరి. 73 మందికి రిసర్పినుతో బాటు మఱి రెండు మందులిచ్చిరి. 70 మందికి మందులేని ఉత్తుత్తి మాత్ర లిచ్చిరి. ఎవరి మాత్ర యేదో రోగికిని తెలియదు, చూచు వైద్యునికిని తెలియదు. 1967లో వచ్చిన ఫలితమిది: ఉత్తుత్తి మాత్రల జట్టులో 27 మందికి పక్షవాతము, గుండె చెడుట, మూత్రపిండములు పాడగుట మున్నగు తీవ్రమైన ఉపద్రవములు కలిగినవి, మందు తిన్న జట్టులో ఇద్దఱికే కలిగినవి. రెండేండ్లు నిండకముందే ఇంత భేదము కానవచ్చెను.

ఇచట చదువరులు గమనింపవలసిన దొకటి కలదు. మందు తిన్న 73 మందిలో ఏ యొక్కనికిని ‘ఈ మాత్ర నన్ను బ్రతికించినది’ అని తెలియుట కవకాశము లేదు. రాని పక్షవాతమును ఎవడు చూడగలడు? జట్టును జట్టుతో పోల్చిననే ఆ మేలు కంటబడినది. రిసర్పిను మనస్సును క్రుంగదీయు గుణము కలది గావున నేడది వాడుకనుండి చాలవఱకు తొలగినది. దాని స్థానమున మెఱుగైనవి వచ్చినవి.

వానిలో ముఖ్యమైన జాతికి ఒక పాము దారి చూపినది. బ్రెజిలు దేశమున జరరాకా అను విషసర్పము కఱచినవారికి రక్తపుపోటు ఒక్కసారిగా పడిపోవుట కలదు. ఆ విషమును పరిశోధించిన సెర్జియో ఫెరీరా 1965లో అందలి ప్రభావద్రవ్యమును కనుగొనెను. దాని యాధారముతో అమెరికాలో ఆందేట్టి, కుష్మన్ అను శాస్త్రజ్ఞులు కాప్టోప్రిల్ అను మందును నిర్మించిరి. 1981లో దానికి అచట అనుమతి లభించెను. నేడు మన ఆసుపత్రులలో ఇచ్చు ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని తమ్ములు. లోసార్టన్, టెల్మిసార్టన్ అనునవి వేఱొక ద్వారమున వచ్చి అదే పని చేయునవి. మన చేలగట్లపై తిరుగు రక్తపింజరి కాటు మూత్రపిండములను చెఱచుట మన రైతు లెఱిగినదే. సముద్రముల కావలి వేఱొక పాము వానిని కాపాడు మందునకు దారి చూపుట చిత్రము గదా!

ఈ మందు చేయు పనిని మన చెఱువు తూముతో పోల్చి చెప్పవచ్చును. వడపోత కుచ్చులోనికి రక్తమును తెచ్చు కాలువ యొకటి, తీసికొనిపోవు కాలువ యొకటి కలవు. మూత్రపిండము పుట్టించు రెనిన్ అను ద్రవ్యము కదలించిన వ్యవహారము వలన బయటికి పోవు కాలువ బిగిసికొనును. అపుడు లోపల ఒత్తిడి పెరుగును, వడపోత గుడ్డ సాగును, మాంసకృత్తు కాఱును. ఏండ్లు గడచిన కొలది కుచ్చులు ఎండిపోవును. ఈ జాతి మందులు బయటి తూమును వదులు చేయును. లోపలి ఒత్తిడి తగ్గును. 1993లో ప్రకటింపబడిన పరీక్షలో, చిన్ననాటి మధుమేహముతో మూత్రపిండములు దెబ్బతిన్న 409 మందిని పరిశీలించిరి. కాప్టోప్రిల్ తిన్నవారిలో మరణము, డయాలిసిస్, మూత్రపిండపు మార్పిడి అను మూటిలో ఏదో యొకటి సంభవించుట సగమునకు తగ్గెను. పెద్దవయసు మధుమేహము గలవారిలో లోసార్టనుపై జరిగి 2001లో వెలువడిన పరీక్షలో 1513 మంది పాల్గొనిరి. డయాలిసిస్ దశకు చేరుట 28 శాతము తగ్గినది.

తూము వదులైనపుడు వడపోత వేగము మొదట కొంచెము తగ్గుట సహజము. అందువలన మందు మొదలు పెట్టిన కొన్ని వారములలో రక్తములోని క్రియాటినిన్ అను మలిన ద్రవ్యపు లెక్క కొంత పెరుగవచ్చును. ఆ పెరుగుదల 30 శాతము లోపున నుండి ఆగినచో వైద్యులు దానిని దోషముగా నెంచరు. కాని ఇంటివారు రెండు చీటీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, ‘మాత్ర వలననే కిడ్నీ చెడినది’ అని నిశ్చయింతురు. రక్తపుపోటు మాత్రలు కిడ్నీని తినివేయును అను అపోహ మన ప్రాంతమున బలముగా నాటుకొని యున్నది. మూత్రపిండములు చెడిన ప్రతివాని యింటను మాత్రలు కనబడుట దీనికి మూలమై యుండును. గొడుగులున్న చోట వాన యుండును గాని, గొడుగులు వానను తేలేదు. పొడిదగ్గు వచ్చినచో మానివేయుట కాదు, వైద్యునితో చెప్పినచో సార్టన్ జాతికి మార్చును. దానితో దగ్గు సాధారణముగా పోవును.

ఇటీవల వచ్చిన వేఱొక జాతి మందులకు మూలము ఆపిలు చెట్టు వేరు పట్ట. దానినుండి 1835లో ఫ్లోరిజిన్ అను చేదు పదార్థమును తీసిరి. అది మూత్రములో చక్కెరను పోవునట్లు చేయును. సుమారు నూటయెనుబది యేండ్లకు దాని వంశమున పుట్టిన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మున్నగునవి మధుమేహమునకు వాడుకలోనికి వచ్చినవి. వానిని తిన్నవారిలో గుండె చెడుట తగ్గుట చూచి వైద్యులే ఆశ్చర్యపడిరి. 2020లో వెలువడిన డాపాగ్లిఫ్లోజిన్ పరీక్షలో మూత్రపిండ వ్యాధి గల 4304 మంది పాల్గొనిరి. వారిలో సుమారు మూడవవంతు మందికి మధుమేహము లేదు. రెండేండ్ల నాలుగైదు నెలలలో, మూత్రపిండముల శక్తి సగమునకు పడిపోవుట, అవి పూర్తిగా చెడుట, ఆ వ్యాధిచే గాని గుండెజబ్బుచే గాని మరణించుట – ఇట్టివి ఉత్తుత్తి మాత్ర తిన్నవారిలో నూటికి 14.5 మందికి, మందు తిన్నవారిలో 9.2 మందికి సంభవించినవి. అనగా 19 మంది ఆ కాలము తినినచో ఒక్కడు గట్టెక్కును. ఈ లెక్కను దాచకుండ చెప్పుటయే మంచిదని నా యభిప్రాయము. తక్కిన 18 మందికి ఆ రెండేండ్లలో భేదము కానరాదు. ఆ యొక్కడెవడో ముందుగా ఎవరును చెప్పలేరు. ఈ మందు వలన మూత్రద్వారమున బూజు చేరి దురద కలుగవచ్చును. శుభ్రతతోను, చిన్న చికిత్సతోను అది తగ్గును. మన దేశమున డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020 అక్టోబరులో ముగిసినందున పలు సంస్థలు దానిని తయారు చేయుటయు, వెల చాల తగ్గుటయు జరిగినవి.

గుండెపోటు సంగతి వేఱు. అచట మందు మేలు గంటలలో తేలును. 1988లో ప్రకటింపబడిన ఐసిస్-2 అను పరీక్షలో 17,187 మంది గుండెపోటు రోగులు పాల్గొనగా, అయిదు వారములలో గుండె, రక్తనాళ కారణములచే మరణించినవారు ఆస్పిరిన్ లేనివారిలో నూటికి 11.8 మంది, ఉన్నవారిలో 9.4 మంది. తమిళనాడులో 2023లో ప్రారంభమైన ‘ఇదయమ్ కాప్పోమ్’ పథకము దీనిపైననే ఆధారపడినది. ఛాతినొప్పితో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వచ్చినవానికి ఆస్పిరిన్ 2, క్లోపిడోగ్రెల్ 4, అటార్వాస్టాటిన్ 8, వెరసి 14 మాత్రలు అచ్చటనే యిచ్చి పెద్దాసుపత్రికి పంపుదురు. డెంకణికోట కొండ గ్రామములనుండి హోసూరు చేరుటకు పట్టు కాలమును తలచినచో దీని విలువ తెలియును.

ఇక మేలు చేయు మాత్రలను మాని, కీడు చేయు మాత్రలను మానని మన యలవాటును గూర్చి కొంత వివరముగ చెప్పవలసి యున్నది. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల భూగర్భజలమున ఫ్లోరైడు హెచ్చు. పలు గ్రామములలో పండ్లకు గార మచ్చలు, ఎముకలకు బిగువు, కీళ్లనొప్పులు తరతరములుగా నున్నవి. 2013లో ప్రారంభమైన హొగేనక్కల్ త్రాగునీటి పథకము ఈ బాధను తొలగించుటకే యేర్పడినది. కాని వెనుకటి నీటిని త్రాగి పెరిగిన పెద్దల కీళ్లు ఒక్కనాట మారవు. వారు నొప్పికి మందుల అంగడిలో అడిగి తీసికొను డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు గంటలో సాక్ష్యము చెప్పును. అందువలననే వానికి గిరాకి. ఆ మాత్రలు మూత్రపిండములో లోనికి వచ్చు కాలువను బిగించును. రక్తపుపోటు మాత్ర బయటి తూమును వదులు చేసియున్నది. నీరు తీయు మాత్ర కాలువలో నీటినే తగ్గించినది. మూడును కలిసినచో కుచ్చులో వడపోత జరుగుటకు ఒత్తిడియే యుండదు. మూత్రపిండము కొలది దినములలో పడిపోవచ్చును. దెబ్బతిన్న మూత్రపిండము ఫ్లోరైడును సరిగా విసర్జింపలేదు గావున ఎముకల బాధ మఱింత హెచ్చును. బాధ హెచ్చగా మరల అదే మాత్ర. నొప్పికి పారాసిటమాల్‌ను మితముగా వాడుట మూత్రపిండములకు ఇంతకంటె క్షేమము.

డైక్లోఫెనాక్ శక్తికి పక్షులు సాక్షి. ఆ మందు సూది వేసిన పశువుల కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి వేలకొలది చచ్చినవని 2004లో తేలినది. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించెను. మన పొరుగున రామనగరము దగ్గరి రామదేవర బెట్టపై మిగిలిన కొలది రాబందులకు అభయారణ్య మేర్పఱచిరి. అంగడి మందులే గాక నాటుమందులయందును జాగ్రత్త వలయును. పాముకాటుకని మనవారు దాచుకొను ఈశ్వరి మొక్క జాతిలో అరిస్టోలోకిక్ ఆమ్లమను ద్రవ్యము కలదు. బరువు తగ్గుటకని ఇదే జాతి చైనా మూలికను తిన్న బెల్జియము స్త్రీలు పలువురు మూత్రపిండములు పోగొట్టుకొన్న వృత్తాంతము 1993లో వెల్లడియైనది. మూలిక మనదైనంత మాత్రమున మూత్రపిండము దానిని మన్నింపదు.

పోటు మాత్రలు తినువారిలో మూత్రపిండ శక్తి బాగుగా తగ్గినవారికి రక్తమున పొటాషియము నిలువయగును. అది మితిమీరినచో గుండె కొట్టుకొనుటయే ఆగవచ్చును. అట్టివారు లేతకొబ్బరి నీరు, మామిడిపండు, పొటాషియము కలిపిన మేలురకపు ఉప్పు విషయమై వైద్యుని అడుగవలెను. మామిడితోటల జిల్లాలో ఇది చెప్పుటకు కష్టముగనే యున్నది. వాంతులు, విరేచనములు పట్టుకొని నీరు త్రాగలేని దినములలో ప్రిల్, సార్టన్, గ్లిఫ్లోజిన్ జాతి మాత్రలను, నీరు తీయు మాత్రను, మెట్‌ఫార్మిన్‌ను వైద్యుని సలహాతో ఆపి, కోలుకొన్న ఒకటి రెండు దినములకు మరల మొదలు పెట్టుట కలదు. ఆపుట సులభము, మొదలు పెట్టుట మఱచుటయే తఱచు.

భాషను గూర్చి ఒక మాట. మన పెద్దలకు వచ్చు మాత్రల అట్టపై ఆంగ్లము, ఆసుపత్రి చీటీపై తమిళము. తెలుగు మాత్రమే చదువగలవారికి, ఏ లిపియు రానివారికి మిగిలినది 1-0-1 అను అంకెల భాష. ప్రొద్దున ఒకటి, మధ్యాహ్నము లేదు, రాత్రి ఒకటి. ఎన్ని వేయవలెనో అది చెప్పును గాని ఎందుకో చెప్పదు. అందుచేత మాత్రకు ఇంటివారే పేరు పెట్టుకొందురు: ఇది ‘బీపీ మాత్ర’, ఇది ‘షుగర్ మాత్ర’. ఈ పేర్లే ప్రమాదము తెచ్చుచున్నవి. మధుమేహము లేని మూత్రపిండ రోగికి డాపాగ్లిఫ్లోజిన్ వ్రాసినచో పొరుగువాడు చూచి ‘నీకు షుగరే లేదే!’ యనును, మరునాడు మాత్ర చెత్తలో పడును. పోటు సరిగా నున్నను మూత్రమున మాంసకృత్తు పోవుటచే లోసార్టన్ ఇచ్చినచో దానికిని ఇదే గతి. నా తరగతిలోని పిల్లలు తమిళము, ఆంగ్లము చదువగలరు గావున, అవ్వల చీటీలను చదివి, ప్రతి మాత్రకు నెదుట ‘కిడ్నీని కాచునది’, ‘గుండెను కాచునది’, ‘నొప్పికి మాత్రమే’ అని పెద్ద తెలుగక్షరములతో వ్రాసి యిమ్మని చెప్పుచుందును. పిల్లలకు తెలియనిచో ఊహించి వ్రాయరాదు. మాత్రలు తెచ్చు సేవికను గాని వైద్యుని గాని అడిగి వ్రాయవలెను.

దేహము సాక్ష్యము చెప్పని చోట చెప్పునవి మూడు లెక్కలు: రక్తపుపోటు, రక్తములోని క్రియాటినిన్, మూత్రములోని మాంసకృత్తు. మూడవదే ముందుగా మాటాడునది, మనవా రెవ్వరును అడుగనిది. 2023లో తమిళనాడులో ‘సిఱునీరగమ్’ అనగా మూత్రపిండమును కాచు పథకము క్రింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో దీనికి కాగితపు పట్టీ పరీక్షను ఏర్పాటు చేసిరి. తమిళమున సిఱునీర్ అనగా మూత్రము, అగమ్ అనగా ఇల్లు. మూత్రపిండమునకు వారి పేరు మన పేరుకంటె ముచ్చటగా నున్నదని ఒప్పుకొనవలెను. బ్రైటు కొవ్వొత్తిపై కాచి చూచినదానినే ఈ పట్టీ ఒక నిమిషములో చూపును. పసుపు వన్నె ఆకుపచ్చకు తిరిగినచో మాంసకృత్తు పోవుచున్నదని యర్థము. జ్వరము వచ్చినపుడు, ఎండలో గట్టి పని చేసినపుడు తాత్కాలికముగా అట్లు తిరుగుట కలదు గావున, తరువాత మరల చూపించుకొనవలెను. మూడు నెలలకు పైగా నిలిచినచో అది వ్యాధి. పోటు గాని మధుమేహము గాని గలవారు ఈ పరీక్షను ఏటి కొకసారి అడిగి చేయించుకొని, ఆ లెక్కను తేదీతో ఒక పుస్తకమున వ్రాసికొనినచో, మందు మొదలు పెట్టిన పిదప ఆకుపచ్చ వన్నె పలుచబడుచున్నదో లేదో తామే చూచుకొనవచ్చును.